ఫిల్టరు అంచున ఉన్ని పట్టీ

విడిభాగాల కొట్టు బల్ల మీద పెద్దాయన తన పాత కారు ఎయిర్ ఫిల్టరును రెండు చేతులతో దించాడు. దాని చుట్టూ ఉన్ని పట్టీ ఒకటి కుట్టి ఉంది.

“మీ కారుకి వచ్చే ఫిల్టరు ఇది కాదు బాబాయి గారూ,” అన్నాడు కొట్టతను.

“కాదు నాయనా. ఫిల్టరు కూర్చునే కంపెనీ డబ్బా తుప్పు పట్టిపోతే బయట దొరికిన డబ్బా బిగించాం. దానికి అచ్చంగా సరిపోయేది ఎక్కడా దొరకదు.”

“దగ్గర్లో వచ్చేది ఈ వ్యాన్ ఫిల్టరే. చుట్టూ వేలు దూరేంత సందు మిగులుతుంది, దుమ్మంతా ఇంజనులోకే. ఆ సందు మూసేలా ఈ పట్టీ ఎవరు కుట్టారు? దర్జీ కూడా ఇంత దగ్గరగా కుట్టడు.”

“మా ఆవిడ.”

“ఇంకేం మరి. కొత్తదానికీ ఆవిణ్ణే కుట్టిపెట్టమనండి.”

పెద్దాయన పట్టీ మీది దుమ్మును వేలితో తుడిచాడు.

“చలికాలంలో పోయింది నాయనా.”

కొట్టతను ఫిల్టరును తన వైపు తిప్పుకుని ఆ కుట్లు చూశాడు.

“డబ్బా మార్చేస్తే ఈ తిప్పలుండవు అనబోయాను. వద్దులెండి.”

“వద్దు. ఫిల్టరు పారేసినా ఫర్వాలేదు, ఆ పట్టీ మాత్రం...”

“పారేస్తానా. ఇటివ్వండి.”

అతను కుట్లు ఒక్కొక్కటే బ్లేడుతో తెంపి, ఉన్నికి గాటు పడకుండా పట్టీని విడదీశాడు. తెగిన దారప్పోగులను పెద్దాయన ఏరి జేబులో వేసుకున్నాడు.

“ఉన్ని ఇంకా గట్టిగానే ఉంది. కొత్తదానికి ఇదే చుట్టి కుట్టుకోండి.”

“నాకు కుట్టడం రాదు. సూదిలో దారం ఎక్కించడం ఒక్కటే వచ్చు. చూపు ఆనకపోవడంతో ఆవిడ నాచేతే ఎక్కించుకునేది.”

“సగం పని వచ్చినట్టే కదండీ. ఆ స్టూలు లాక్కోండి, సూదీ దారం తెస్తాను.”