రెండోసారి వచ్చిన చెంచా

ల్యాబ్ గది. బల్ల మీద అన్నం గిన్నె, పక్కన చెంచా పట్టుకున్న మరచెయ్యి. చక్రాల కుర్చీలో కూతురు, గోడవార తల్లి, కంప్యూటరు ముందు ఇంజనీరు.

"వద్దన్నాను కదా, మళ్ళీ ఎందుకొచ్చింది?"

"సరిగా వినపడలేదేమో మేడమ్. మొదటి నుంచి మొదలెడతాను, ఇంకోసారి అనండి."

"వద్దు."

"చూశారా, వెనక్కెళ్ళింది."

"ఆగండి. అప్పుడే సంబరపడకండి... అదిగో. మళ్ళీ వస్తోంది. వద్దు!"

"మైకులో ఏదో..."

"మైకు బాగానే ఉందండీ. పోయినవారం మా చెల్లితో ఫోన్లో 'ఆఁ... ఆఁ...' అంటుంటే, పెట్టమన్నాననుకుని ఇది ఆరు చెంచాలు కుక్కింది. అప్పుడు చెవులు బాగానే పనిచేశాయి."

"అది సరిచేశాం కదండీ. మీరు చెప్పబట్టే. 'ఆఁ' తీసేసి 'పెట్టు' అనే మాట పెట్టాం."

"మరి ఇది కూడా నేను చెప్పబట్టేనా?"

"అంటే..."

"పదేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని. పొద్దుటి నుంచి చూస్తున్నాను. తొమ్మిదిసార్లు వద్దన్నాను. తొమ్మిదిసార్లూ వెనక్కెళ్ళింది, ఇరవై లెక్కపెట్టేసరికి మళ్ళీ వచ్చింది. రెండోసారి అంటేనే మానుకుంది. పొరపాటైతే ఒకసారి జరుగుతుంది, ఒకసారి జరగదు. దీనికి ఎవరో నేర్పారు."

"భద్రత కోసమని, మా టీములో ఒక ఆలోచన..."

"ఎవరి ఆలోచన?"

"మంచినీళ్ళు ఇమ్మంటారా మేడమ్?"

"ఎవరి ఆలోచనండీ?"

"ఊరుకోవే. ఆయన్నెందుకు దబాయిస్తావు? నేనే చెప్పాను."

"నువ్వా అమ్మా?"

"మొన్న నువ్వు ఫిజియోథెరపీ గదిలో ఉన్నప్పుడు. మా అమ్మాయి ఒకసారి వద్దంటే నమ్మకండి బాబూ, కాసేపాగి మళ్ళీ పెట్టమనండి అన్నాను."

"ఇది ఎలా ఉండాలో చెప్పమని పిలిచింది నన్నమ్మా. నిన్ను కాదు."

"తినిపించేది నేను."

"తినేది నేను."

"ఏం తినడం? ఇవాళ పదకొండు చెంచాలు."

"లెక్కపెట్టావా?"

"రోజూ పెడతాను."

"అమ్మగారూ, మేడమ్, ఒక్క నిమిషం. పోనీ ఒక బటన్ పెడదాం. ఇష్టమున్నవాళ్ళు నొక్కుకుంటారు, లేనివాళ్ళు..."

"నొక్కేది ఎవరి వేలండీ? నాదా?"

"అది తట్టలేదు మేడమ్."

"ఇంట్లో, ఆసుపత్రిలో, బ్యాంకులో, ప్రతివాళ్ళకీ నా మాట రెండుసార్లు చెప్పాలి. దీనికైనా ఒక్కసారి చెబితే చాలనుకున్నాను. ఇదీ అంతే అయితే మా ఇంటికి పంపకండి. నాకక్కర్లేదు."

"అలా అనకండి. తీసెయ్యమంటారా అమ్మగారూ?"

"చూశారా? చెప్పింది నేను. మీరు అడుగుతున్నది ఆవిడని."

"అయ్యో... సారీ మేడమ్."

"తియ్యకండి బాబూ."

"అమ్మా."

"నువ్వాగు. యాక్సిడెంటైన కొత్తలో ఆసుపత్రిలో ఇరవై ఆరు రోజులు వద్దంది బాబూ. ఏ పూట పెట్టబోయినా వద్దు. నేను వినలేదు. పెదాల మధ్య వేలు దూర్చి తెరిచాను. ఏడుస్తూ పెట్టానో తిడుతూ పెట్టానో నాకే తెలీదు. పెట్టాను, అంతే. విని ఉంటే ఇవాళ ఈ కుర్చీలో ఎవరూ ఉండరు. దానికి అవేం గుర్తులేవు. మందుల మత్తు."

"గుర్తుంది."

"ఏంటే?"

"అంతా గుర్తుంది. నీ గోరు గుచ్చుకుని పెదవి తెగింది కూడా. నువ్వు బాధపడతావని లేదన్నాను."

"ఆరేళ్ళ నుంచీ?"

"ఊఁ."

"మరి అంత గుర్తుండి, నన్ను భయపడొద్దంటే ఎలాగే? ఇప్పటికీ నువ్వు వద్దన్నప్పుడల్లా నా ఒళ్ళు చల్లబడిపోతుంది. ఇంకో ముద్ద పెడితే గానీ నాకు మనసు కుదుటపడదు. ఆకలి సంగతి నేను చూడటంలేదు. నువ్వు ఉంటావా లేదా అనే చూస్తున్నాను."

"కడుపు నిండిందమ్మా, అంతే. అప్పుడు నేను వద్దన్నది అన్నాన్ని కాదు. ఇప్పుడు వద్దంటున్నది ఒక్క అన్నాన్నే."