ఆరో నంబరు చోటు

పత్రికాఫీసులో ఆదివారం పేజీ తయారయ్యే గదిలోకి, వాచ్‌మన్ ఆపుతున్నా వినకుండా, ఒక పాత పేజీని చుట్టచుట్టి పట్టుకుని, అక్కడ పనిచేసే సబ్ ఎడిటరు కుర్రాడి అక్క వచ్చి పడింది. ఆవిడకు నిన్నటి నుంచి ఒళ్ళు మండిపోతోంది.

“కూర్చోమంటే కూర్చోనురా. ముందు చెప్పు, ఇది ఎవరు రాశారు?”

“అక్కా, మెల్లిగా. పక్కనే మా ఎడిటరు గది.”

“ఉండనీ. ‘నగరం చుట్టూ ఈతకి పది చోట్లు.’ ఎవరు రాశారు?”

“పేరు వెయ్యలేదుగా. టీ తాగుతావా?”

“నీ రక్తం తాగుతా. పేరు వెయ్యకపోతే నాకు తెలీదా? ‘నీళ్ళు మనల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాయి’ అట. ఇలాంటి సోకు మాటలు నువ్వు తప్ప ఇంకెవరు రాస్తారు?”

“బాగుందన్నారు అందరూ.”

“అంటారు. ఆరో నంబరు చదువు.”

“చదవక్కర్లేదు, నేనే కదా...”

“నువ్వే. అందుకే చదువు.”

“‘మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ వెనక, రాళ్ళ చాటున చిన్న తీరం. అక్కడ ఎవరూ ఉండరు.’ చాలా?”

“ఎవరూ ఉండరని నువ్వు రాశావు, ఊరంతా వచ్చి తగలడింది. ఇసకలోకి బండ్లు దింపుతున్నారు. చెవులు చిల్లులు పడేలా పాటలు. రాళ్ళ సందుల్లో చిప్స్ కవర్లు. రోజూ పొద్దున్నే నేను ఈదే చోటురా అది.”

“సముద్రం నీ ఒక్కదాని సొత్తా ఏంటి?”

“కాదు. నీ సొత్తూ కాదు, పిలిచి పంచిపెట్టడానికి. ఇంట్లో బాత్రూం గడియ కూడా వేసుకోనివ్వరు నన్ను. ఎక్కడికెళ్ళినా వెనకాల ఎవరో ఒకరు. నేను ఒంటరిగా ఊపిరి పీల్చుకునే చోటు అదొక్కటే మిగిలింది. అదీ ఊడబెరికావు.”

“గడియ సంగతి... డాక్టరు చెప్పిందేగా.”

“డాక్టరు ఊసు ఎత్తకు. ఈ ఆదివారం సవరణ వెయ్యి. అక్కడ సుడి ఉంది, లోపలికి లాగేస్తుంది, ఎవరూ వెళ్ళకండి అని.”

“లేని సుడి ఉందని ఎలా రాస్తాను?”

“లేని బుద్ధి ఉన్నట్టు ఇంతకాలం నెట్టుకొచ్చావుగా. అలాగే రాయి.”

“కుదరదక్కా.”

“సరే. అసలా చోటు నీకెలా తెలిసింది? నేనెవరికీ చెప్పలేదు.”

“ఏదో, అలా తిరుగుతుంటే...”

“నువ్వు తిరగడమా? వీధి చివరికెళ్ళి పాలు తేవడానికే నీకు బద్ధకం. ఎవరు చెప్పారు?”

“వదిలెయ్యక్కా.”

“ఎవరు?”

“బావ.”

“మీ బావకెలా తెలుసు?”

“రెండుమూడుసార్లు నీ వెనకాలే వచ్చాడట. రాళ్ళ చాటున కూర్చుని, నీ తల నీళ్ళ మీద కనబడినంతసేపూ చూస్తూ ఉండిపోయాడట. తనకి ఈత రాదు కదా. నా దగ్గరికొచ్చి ఏడ్చాడు.”

“ఏడ్చాడా? నాతో ఒక్క ముక్క అనలేదే.”

“అంటే వింటావా? నీకు ఫిట్స్ వస్తాయక్కా. అది తెలిసీ సముద్రంలోకి, అదీ ఒక్కదానివే. పిచ్చా నీకు?”

“అరవకు. మీ ఎడిటరు వింటాడు.”

“విననీ. వద్దంటే మానవు. నేను తోడొస్తానంటే గుమ్మంలోంచే తరిమావు. ఇంకేం చెయ్యమంటావు నన్ను?”

“అందుకని పేపర్లో వేశావు.”

“వేశాను. నలుగురు మనుషులు మసిలే చోటైతే, నీకేదన్నా అయినప్పుడు ఎవరో ఒకరు చూస్తారు, బయటికి లాగుతారు అనుకున్నా.”

“మరి మిగతా తొమ్మిదీ?”

“నీదొక్కటే వేస్తే నీకు తెలిసిపోతుందని.”

“నా ఒక్కదాని కోసం తొమ్మిది చోట్లు వెతికావా?”

“వెతికాను. సెలవులన్నీ దానికే పోయాయి. ఎంత తిట్టుకుంటావో తిట్టుకో, సవరణ మాత్రం వెయ్యను. నువ్వు బతికుండాలి. నాకంతే.”

“ఫోను తియ్యి.”

“ఎందుకు?”

“నిన్న నీకొకటి పంపాను. చూశావా?”

“లేదు. పేజీ పనిలో పడి...”

“ఇప్పుడు చూడు. నిన్న మా కుట్టు షాపుకి జాకెట్టు కొలతలివ్వడానికొచ్చిన పిల్ల చూపించింది, ‘ఆంటీ, ఇది మీరే కదా’ అని. మొన్న ఆదివారం తీసిన వీడియో.”

“ఇదేంటి... అక్కా, నువ్వేనా? మళ్ళీ ఫిట్స్ వచ్చాయా? నీళ్ళలోనా? ఎవరు తీశారిది?”

“నువ్వు పంపినవాళ్ళే. ఆ నవ్వులు వినబడుతున్నాయా? ‘భలే ఆడుతోందిరా’ అంటున్నాడు చూడు ఒకడు. నువ్వు నలుగురు చాలనుకున్నావు. ఒడ్డు నిండా ఉన్నారు.”

“మరి నిన్ను ఎవరు లాగారు?”

“చివరిదాకా చూడు. ఒక్కడంటే ఒక్కడు కాళ్ళకి చెప్పులు కూడా విప్పలేదు. అల తోసిందిరా నన్ను బయటికి.”