హోం ప్లేట్ కాడ

జడ్చర్లలో కాలేజీ గ్రౌండు. సాఫ్ట్‌బాల్ ఫైనల్ ముగిసి జనం వెళ్లిపోయారు. మందుల కంపెనీ ఆడవాళ్ల జట్టు కెప్టెన్ పూజ, క్యాచర్ అల్మాస్‌ను వెతుక్కుంటూ వెనక్కి వచ్చింది.

“ఈడ కూసున్నవా అక్కా? ఆటో ఎక్కినంక సూస్తే నువ్వు లేవు. బిర్యాని తిననీకి రావా?”

“మీరు పోండ్రి పూజా. నేను జర ఆగి రూముకు పోత.”

“కప్పు గెలిచినమక్కా. వారంల మూడు ఆటలు, మూడూ మనయే. సోమవారం మనం గ్రౌండుల దిగితే అందరు నవ్విరి. గోలీల డబ్బాలు ప్యాక్ చేసేటోళ్లకు గీ ఆటేందని.”

“నవ్వరా మరి. సత్తమ్మ చెప్పుల్తోని ఉరికె. ఒక చెప్పు ఈడ, ఒక చెప్పు ఆడ.”

“అయినా బేసు దొరకవట్టింది గద. గురువారం మిడ్జిలోళ్ల మీద నువ్వు కొడితే బాల్ గోడ అవతల పడె. ఆనాడు గూడ ఛాయ్ తాగకుండనే పోయినవ్. నిన్నెవలన్న ఏమన్న అన్నరా?”

“ఎవలంటరు? అననీకి ఎవలున్నరు నాకు?”

“గట్లనకు. ఇయ్యాల మా ఆయనొచ్చిండు, పిల్లలొచ్చిండ్రు. సత్తమ్మ మనుమరాలు ఈలలేసింది. నీ తరుపున ఒక్కలన్న వస్తరని సూసిన.”

“గ్లౌజులన్ని సంచిల ఏసినవా?”

“ఏసిన. నువ్వు మాట మార్చకు.”

“మార్చుతలే. మొన్న ఒకటి గేటు కాడ మర్చిపోయిండ్రని అడుగుతున్న.”

“అన్ని ఉన్నయ్. ఆటోల అందరిది గా ఆఖరి ఔట్ ముచ్చటనే. మనకు ఒక్క పరుగే ఎక్కువుండె. బాదేపల్లి పిల్ల, గా జేబా, నువ్వు కాపలున్న హోం ప్లేట్ దాటితే లెక్క సమానమైతుండె. సత్తమ్మ ఇసిరిన బాల్ సక్కగ నీ గ్లౌజుల పడ్డది. పిల్లింక దూరమే ఉన్నది. రాంగనే బాల్‌తోని జర తాకిస్తే అయిపాయె. నువ్వేమో రెండు చేతుల్తోని పట్టుకుంటివి. ఇద్దరు దుమ్ముల పడితిరి. బిక్షమ్మ అంటాంది, అల్మాసక్క ఔట్ చేసిందా, ఎత్తుకున్నదా అని.”

“జోరుగ ఉరికొచ్చింది. పడతదని పట్టుకున్న.”

“అంపైర్ ఔటన్నంక గూడ ఇడువలే నువ్వు.”

“ఇడిసిన.”

“ఏడ ఇడిసినవ్? పిల్లనే ఇడిపిచ్చుకున్నది. ఏదో అన్నది గూడ. కోపంల అన్నదా?”

“కోపం గాలే. మోచెయ్యి గీసుకపోయి నెత్తురొస్తాంది దానికి. అది సూసుకోలే. ‘దెబ్బ తాకిందా ఆంటీ’ అని నన్నడిగింది.”

“మంచి పిల్ల.”

“మంచిగ పెంచిండ్రు.”

“నువ్వేమన్నవ్?”

“తాకలే అన్న. ఇంకేదో అడుగుదామనుకున్న. గంతల దాదీ పిలిచిందని పోయింది.”

“హెల్మెట్ తీసి మాట్లాడకపోతివా? కప్పు పట్టుకోని ఫొటో దిగేటప్పుడు గూడ తియ్యలే. పేపరాయన మొకం కనవడతలేదమ్మా అని మొత్తుకునె.”

“గోడ పొంటి కుర్చీల ముసలామె కూసుండె. గుర్తువడుతదని తియ్యలే.”

“ఎవలు, జేబా దాదీనా? ఆమె నీకెట్ల ఎరుక?”

“ఎరుకనే.”

“ఎట్లక్కా?”

“నా అత్త. ఒకప్పుడు.”

“మరి జేబా...”

“నా బిడ్డ.”

“అక్కా. జర నీళ్లు తాగు. ఏడువకు.”

“ఏడుస్తలే. దుమ్ము వడ్డది.”

“పిల్లకు తెల్వదా?”

“ఎట్ల తెలుస్తది? రామన్నపేటల ఉన్నప్పుడు మొగనితోని పడలే. తలాఖ్ అయింది. నాకు అప్పట్ల నౌకరీ లేదు, నిలవడనీకి జాగ లేదు. పిల్లను ముసలామె ఈడికి, బాదేపల్లికి తెచ్చుకున్నది. ఆయన మల్ల షాదీ చేసుకున్నడు. ఒకసారి సూడనీకొస్తే గడపలనే ఆపిండ్రు. పిల్ల ఇప్పుడు కొత్తామెనే అమ్మీ అంటాంది, నువ్వొచ్చి దాని మనసు కరాబ్ చెయ్యకు అన్నరు. ఆ మాట నిజమే అనిపిచ్చింది. మల్ల పోలే.”

“మరి జడ్చర్లల నౌకరెందుకు సూసుకున్నవ్?”

“కనవడతదని. గంతే. డ్యూటీ దిగి గీ గ్రౌండు పక్కకెల్లి పోతుంటే అది ఆడేది కనవడేది. గోడ అవతల నిలవడి సూసేదాన్ని.”

“గందుకేనా, టీం పెడదామని నన్ను సతాయిస్తివి?”

“గోడ ఇవతలికి రావాలంటే ఇంకో తొవ్వ దొరకలే పూజా. మీ అందరిని వాడుకున్ననేమో.”

“ఏం వాడుకునుడక్కా. మేం నవ్వి ఎన్నొద్దులాయె. గీ వారం నవ్వినం. కని ఒక్కటి నాకు సమజైతలే. నీ బిడ్డనే గద. బాల్ జారవిడిస్తే నిన్ను ఎవ్వలం ఏమనకపోదుము. దాని పరుగు అయితుండె, వాళ్లోళ్లు దాన్ని భుజాల మీద ఎత్తుకుందురు. ఎందుకు ఔట్ చేసినవ్?”

“బాల్ చేతుల పడ్డప్పుడు నేను గూడ గదే అనుకున్న, జారవిడుద్దామని. జారవిడిస్తే అది నా పక్కకెల్లి ఉరికి పోతుండె పూజా. పాలు మాన్పిచ్చిన కాన్నుంచి దాన్ని ముట్టుకునుడు నాకు గదొక్కటే.”