గోడకి అవతలి బాక్సు

హాల్లో గోడకి టీవీ. ఆ గోడకి అవతల ఒక గది, దాని తలుపు దగ్గరగా వేసి ఉంది. టీవీ ముందు డ్రాయింగు మాస్టారు, ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్న టీవీ మెకానిక్కు. గదిలో మాస్టారి భార్య.

"మళ్ళీ నొక్కండి మాస్టారూ."

"నొక్కుతూనే ఉన్నాను."

"టీవీ వైపు కాదు. దాని కింద మిరియపు గింజంత నల్ల కన్ను ఉంది చూడండి, అటు."

"ఆ కన్ను అక్కడ పెట్టింది నేనేరా. నాకే చూపిస్తావేం."

"మీరా? నేను అమ్మిన సామానే, కానీ బిగించింది ఎవరో ఎలక్ట్రీషియన్ అనుకున్నా. ఒక్క వైరు బయటికి కనపడదే."

"వైరు కనపడితే నాకు నిద్రపట్టదు."

"బడిలోనూ అంతే. బొమ్మ పక్కన పెన్సిలు గీత మిగిలితే చెవి మెలేసేవారు."

"ఆ చెవి ఇంకా అలాగే ఉంది. పని చూడు."

"చూస్తున్నా. టీవీ ఇక్కడుంది, మిగతా సరంజామా ఏదీ?"

"బాక్సు, సౌండు మిషను, డిస్కు ప్లేయరు, అన్నీ అవతల గది అల్మారాలో. టీవీ వెనక గోడకి కన్నం పెట్టి వైర్లు అటు తీశాను."

"సొంతింటికే కన్నం వేసిన మనిషిని మిమ్మల్నే చూశా."

"నవ్వు తర్వాత. ఎందుకు పనిచెయ్యట్లేదో చెప్పు."

"రిమోటు వెలుతురు గోడలోంచి పోదు కదా మాస్టారూ. ఈ కన్ను దాన్ని పట్టుకుని సన్న వైరులో అటు పంపుతుంది. అటు చివర చిన్న బల్బు, బాక్సు మూతి మీద అంటించి ఉంటుంది. మీరిక్కడ నొక్కింది అది అక్కడ మళ్ళీ చెబుతుంది. మధ్యవర్తి అన్నమాట. కన్ను బానే ఉంది. తేడా అవతలే ఎక్కడో ఉంది. పాడై ఎన్నాళ్ళయింది?"

"ఎనిమిది నెలలు."

"ఎనిమిది నెలలు టీవీ చూళ్ళేదా?"

"చూశాను. రోజూ."

"ఎలా చూశారు?"

"ఏడింటికి వార్తలు. రెండు నిమిషాల ముందు ఆ తలుపు కొడతాను. 'బాక్సు' అంటాను. 'ఊఁ' అంటుంది. లోపలికెళ్ళి అల్మారా తెరిచి, బాక్సు ఆన్ చేసి, ఛానల్ పెట్టి వస్తాను. ఎనిమిదింటికి మళ్ళీ వెళ్ళి ఆపేస్తాను."

"అప్పుడేమంటారు?"

"అప్పుడూ అంతే. 'బాక్సు'. 'ఊఁ'."

"ఒక్క ఫోన్ కొడితే వచ్చి వాలేవాణ్ణి కదా."

"అలవాటైపోయింది."

"మరి ఇవాళ ఎందుకు పిలిచారు?"

"మొన్న 'రోజూ ఇదేనా' అంది."

"కోప్పడ్డారా అమ్మగారు?"

"లేదు. కోప్పడితే బావుండేది. ఊరికే అంది. మొత్తం సామానంతా హాల్లోకి తెచ్చిపడేద్దామనుకున్నా, గోడ మళ్ళీ పగలగొట్టి."

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకు మాస్టారూ. పదండి, లోపల చూద్దాం."

"నువ్వెళ్ళు."

"మీరు రారా?"

"ఏడు కాలేదుగా ఇంకా."

"...అమ్మా, లోపలికి రావచ్చా? టీవీ మెకానిక్కుని."

"రా నాయనా. కింద కుట్టుమిషను గుడ్డలున్నాయి, తొక్కకు. అల్మారా ఆ మూల."

"బావున్నారా అమ్మా?"

"ఉన్నాను. ఎవరు పిలిచారు నిన్ను?"

"మాస్టారే. నిన్న ఫోన్ చేశారు."

"ఆయనే చేశారా?"

"ఆయనే. మీకు చెప్పలేదా?"

"మాకు చెప్పుకోవడాలు లేవు. అలా చూడకు, పోట్లాటేం కాదు. నువ్వు పని చూసుకో."

"మాస్టారూ, అక్కణ్ణించి నొక్కండి ఒకసారి."

"నొక్కాను."

"ఇంకోసారి."

"నొక్కాను. ఏమైంది?"

"ఆగండి, చెప్తా. అమ్మా, ఈ బాక్సు మూతి మీద బల్బు అంటించి ఉండాలి. లేదు."

"లేదా?"

"జిగురు మచ్చ ఒక్కటే ఉంది. వైరేదీ మరి... ఇదిగో, బాక్సు వెనకాల. చుట్ట చుట్టి, ముడేసి ఉంది."

"వేడికి ఊడిపోయుంటుంది."

"ఊడితే వేలాడాలి కదమ్మా. దానంతటది చుట్ట చుట్టుకోదు."

"ఎలకలేమో."

"ముడులేసే ఎలకల్ని నేనింతవరకు చూళ్ళేదు."

"అయితే నాకేం తెలుసు. ఆ అల్మారా తెరిచేది ఆయనే. రోజుకి రెండుసార్లు."

"మాస్టారు పెట్టిందాన్ని మాస్టారే పీకుతారా?"

"ఆయన సంగతి నీకు తెలీదు. దాచడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. ఆ గోడ చూడు, లోపల వైరుందంటే ఎవరైనా నమ్ముతారా? మా అమ్మ పోయిన సంగతి కూడా అలాగే దాచారు."

"దాచారా?"

"నాలుగు రోజులు. నాకు కడుపు ఆపరేషనైంది, ఆస్పత్రిలో ఉన్నాను. అమ్మ ఎలా ఉందండీ అంటే 'బానే ఉంది, నిద్రపోతోంది' అనేవారు. నాలుగు రోజులూ అదే మాట. నా పక్కన కూర్చుని బత్తాయి వలిచిపెట్టి మరీ చెప్పారు. ఇంటికొచ్చాక తెలిసింది. చివరిచూపు లేదు."

"మీ మంచికే కదమ్మా దాచింది."

"అందరూ అదే అన్నారు. డాక్టరు కూడా."

"ఎన్నాళ్ళయింది?"

"పధ్నాలుగు నెలలు. కోపం మొదట్లో ఉండేది. మనిషిని చూస్తే ఒళ్ళు మండిపోయేది. తర్వాత అదీ పోయింది. కాలు తిమ్మిరెక్కితే చూడు, గిల్లినా తెలీదు. అలా ఉంది. నీకెందుకులే ఇదంతా. ఆ ముడి విప్పు."

"జిగురు పాడైపోయింది, కొత్తది వెయ్యాలి. సంచీ హాల్లో ఉంది, తెచ్చుకుంటా."

"తెచ్చుకో."

"...మాస్టారూ, చిన్నగా అడుగుతున్నా. చెవి మెలెయ్యనంటే."

"అడుగు."

"ఆ బల్బు మీరే పీకారా?"

"బల్బు ఊడిందా?"

"ఊడింది. ఊడింది అంటే... మీరు పీకలేదు కదా?"

"పీకినవాణ్ణి నీకెందుకు ఫోన్ చేస్తాను?"

"అదీ నిజమే."

"అసలు దాని వైపు చూడనే లేదు. అల్మారా తెరవడం, మీట నొక్కడం, వచ్చెయ్యడం. ఆవిడ అటు తిరిగి కుట్టుకుంటూ ఉంటుంది. ఎక్కువసేపు ఉండకూడదు కదా."

"మీ ఇంట్లో మీరు ఎక్కువసేపు ఉండకూడదేంటి మాస్టారూ."

"వాళ్ళమ్మ సంగతి చెప్పిందా?"

"చెప్పారు."

"డాక్టరు వద్దన్నాడని అందరికీ చెప్పాను. అది సాకు. డాక్టరు ఒక్క రోజు ఆగమన్నాడు, అంతే. మిగతా మూడు రోజులూ నావి. చెప్పే ధైర్యం లేకపోయింది. పొద్దున చెబుదాం, సాయంత్రం చెబుదాం అనుకుంటూనే గడిపేశాను."

"ఈ మాట అమ్మగారితో అన్నారా?"

"అందామనే వెళతాను. తలుపు కొట్టేదాకా ఆ మాటే ఉంటుంది. కొట్టాక నోట్లోంచి 'బాక్సు' అని వస్తుంది."

"రోజూనా?"

"రోజూ. వార్తలు నేనేం వింటున్నానో నాకే తెలీదు."

"మరి... ఆ బల్బు అంటించమంటారా, వద్దంటారా?"

"అంటించు. ఎనిమిది నెలలు మనిషిని విసిగించాను. ఇకనైనా ప్రశాంతంగా ఉండనీ."

"ఆలోచించుకుని చెప్పండి. జిగురు నాకేం బరువు కాదు, రేపొచ్చినా వెయ్యొచ్చు."

"ఆలోచించే పిలిచాను. గట్టిగా అంటించు, మళ్ళీ ఊడకుండా."

"సరే... అమ్మా, మళ్ళీ నేనే."

"ఏమంటున్నారు ఆయన? గుసగుసలాడుతున్నారు."

"గట్టిగా అంటించమన్నారు."

"గట్టిగానా?"

"మళ్ళీ ఊడకుండా అన్నారు. మిమ్మల్ని విసిగిస్తున్నారట."

"విసిగిస్తున్నానన్నారా. సరే, ఆయనిష్టం. కానియ్యి."

"కాస్త ఈ ఫోన్ పట్టుకుంటారా? కెమెరా ఈ బల్బు వైపు పెట్టండి. ఈ వెలుతురు మామూలు కంటికి కనపడదు, ఫోన్లోంచయితే కనపడుతుంది. మాస్టారూ, నొక్కండి."

"నొక్కాను."

"ఏదీ... అవును. ఊదారంగు. మిణుకుమంటోంది."

"అది మాస్టారే. అక్కడ నొక్కినప్పుడల్లా ఇక్కడ అలా వస్తుంది."

"ఇంకోసారి నొక్కమను."

"మాస్టారూ, ఇంకోసారట."

"నొక్కాను. వచ్చిందా?"

"వచ్చింది అని చెప్పు."

"వచ్చిందట మాస్టారూ. ఇక బల్బు అంటిస్తున్నా. ఇది పాత జిగురు లాంటిది కాదమ్మా, కారు అద్దాలకి వాడతారు. మీరు చచ్చినా ఊడద... క్షమించండి, నోరు జారింది."

"పర్లేదు."

"అయింది. అల్మారా తలుపు వేసేస్తున్నా. మాస్టారూ, ఇప్పుడు పెట్టండి."

"పెట్టాను. వచ్చింది. వార్తలు మొదలయ్యాయి."

"సౌండు పెంచి చూడండి. తగ్గించండి. అంతే, కుర్చీలోంచి లేవక్కర్లేదు ఇక."

"లేవక్కర్లేదు."

"సంతోషమేనా మాస్టారూ?"

"ఆవిడతో చెప్పు. ఇక తలుపు కొట్టనని."

"అమ్మా, మాస్టారు..."

"వినపడింది. టైమెంతయింది?"

"ఏడు దాటి మూడు నిమిషాలమ్మా."

"కొట్టలేదు."

"ఏంటమ్మా?"

"తలుపు."

"అక్కర్లేదు కదమ్మా ఇక."

"ఊఁ."

"మరి నేను వస్తానమ్మా. ఏదైనా తేడా వస్తే ఫోన్ చెయ్యండి, మీరైనా సరే."

"నాయనా, ఆగు. ఆ తలుపు దగ్గరగా వేసి ఇటు రా."

"వేశానమ్మా. చెప్పండి."

"పోయినసారిది గోటితోనే వచ్చేసింది. ఇది దేంతో వస్తుంది?"