ఒట్టు పెట్టినోణ్ణి అడగొద్దంట

గట్లనే గుంజి పీకుతరా సారు ఆ దడిని? జర ఆగుండ్రి. ఆ డప్పు కొట్టే ఆయననన్న ఆగమనుండ్రి, దొడ్లె గొర్రెపిల్లలు బెదురుతున్నయి. మేమేడికి పారిపోతం?

అమీన్ సాబ్, కోర్టు కాయిదం పట్టుకొని చెలక ఖాళీ చేయించనీకి వచ్చిన్రు, సరే. మీ నౌకరీ మీది. మీ మీద కోపం పెట్టుకుంటే నాకేమొస్తది? గని మీరన్న ఇనుండ్రి. జడ్జి సారుకు చెప్పాల్సిన ముచ్చట దొడ్డి కాడ మీకు చెప్పుకుంటున్న, నా బతుకు గిట్ల తెల్లారింది.

ఈ చెలకను మా మామ బతికున్నప్పుడే ఇద్దరు కొడుకులకు పంచిండు. కాయిదమా? గప్పుడు ఎవలు రాసిన్రు సారు కాయిదాలు! పెద్దమనుషుల నడుమ నోటితోని పంచిండు, గెట్టుకు రాయి పాతిండు, అయిపాయె. పాసుబుక్కు పెద్దోడని మా బావ పరశురాములు పేరు మీదనే ఉండె. కింద సున్నపురాయి ఉందని ఫ్యాక్టరోళ్లు తిరుగవట్టినంక బావకు యాదికొచ్చింది, మొత్తం తనదేనని. దావా ఏసిండు. ఏసినోడు వాదంట, మేం ప్రతివాదులమంట. దున్నేది మేము, గొర్లు మేపేది మేము, మల్ల జవాబు చెప్పుకునేటోళ్లం గూడ మేమేనా?

వాయిదాల మీద వాయిదాలు తిరిగినంక ఆఖరికి బావ బోనెక్కిండు. దేవుని మీద ప్రమాణం చేసి అంతా నిజమే చెప్తున్నన్నడు. చెప్పి, అసలు పంపకమే కాలేదన్నడు! మా వకీలు లేచిండు, క్రాసు ఎగ్జామిను చేసి అబద్ధం బయటపెడ్తనని. గప్పుడే మా ఆయన సైదులు ఆ సారు నల్లకోటు పట్టుకొని గుంజిండు. "వద్దు సారు, ఏం అడగొద్దు" అన్నడు.

ఎందుకంటరా? మా గొల్లోళ్లల్ల గంతే. కులపంచాదిల ఎవలన్న లింగమంతుల సామి మీద ఒట్టు పెట్టిండంటే ఇగ ఆన్ని ఎవ్వలు కదిలియ్యరు. అబద్ధమైతే సామే చూసుకుంటడు. ఒక్క మాట మీద ఇద్దరు ఒట్టు పెడితే వంశం నిలువదంటరు. గందుకే తన వంతొచ్చినా మా ఆయన బోనెక్కలే, నన్ను ఎక్కనియ్యలే, పంపకం చూసిన పెద్దమనుషులను గూడ పిలిపియ్యలే. "అన్న ఒట్టు పెట్టిండు, దేవునికి అప్పజెప్పిన" అని దండం పెట్టిండు. ఆలోచన చేసుకోమని జడ్జి సారు గూడ మల్ల మల్ల చెప్పె. ఈ మొండోడు ఇంటడా?

అడగకపోతే ఒప్పుకున్నట్టేనంట! తీర్పుల గదే రాసిన్రు. జిల్లా కోర్టుకు అప్పీలు పోతే, కింద రాసుకున్న సాక్ష్యమే చూస్తం, కొత్తది తీసుకోం అన్నరు. హైకోర్టుకు పోదామంటే వకీలు తలకాయ అడ్డంగ ఊపిండు. ఆడ చట్టం తప్పయిందా అనే చూస్తరట, అబద్ధం ఎవలాడిన్రో చూడరట. మరి అబద్ధాన్ని చూసే కోర్టు ఏడున్నది సారు? ఢిల్లీల ఉన్నదా?

ఇగ సామి కోర్టే దిక్కనుకున్న. పొద్దుగాల లేస్తే బావ ఇంటి దిక్కు చూసుడే నా పని. ఏమన్న కావాలనే చూసిన, పాపిష్టిదాన్ని.

అయ్యింది. బావకు ఒక్కగానొక్క కొడుకు శివకృష్ణ, బండి మీదికెల్లి పడ్డడు. దవాఖానల ఏసిన్రు, సోయి లేదు. సంగతి తెల్వంగనే మా ఆయన అన్నం ముందట్నుంచి లేచిండు. దవాఖానకు పోయిండనుకున్న. పోలే. మందల ఉన్న మంచి పొట్టేలును తోలుకొని లింగమంతుల సామి ఉండే పెద్దగట్టు ఎక్కిండు. సామి ముందట బోర్లవడి ఏమన్నడో ఎరికేనా? "మా అన్న ఒట్టు నేను మాఫీ చేసిన సామీ, పోరన్ని ఇడిసిపెట్టు" అన్నడంట.

పోరడు బతికిండు. గదిగో, మీ సర్వేయరు పక్కన గొలుసు పట్టుకున్నది ఆడే. సల్లగుండనీ, ఆడేం జేసిండు!

నేనే ఆగలేక మా ఆయనను అడిగిన. కోర్టుల నోరు తెరవనియ్యకపోతివి, దేవుని కాడ ఉన్న ఒక్క కేసు గూడ వాపసు తీసుకుంటివి, ఇగ నేను ఏడ చెప్పుకోవాలె అని. చూస్తున్నరు గదా, మీరు చెప్పకముందే గొర్లను బయటికి తోలుతుండు.

సరే సారు, చెలక బావదైందని డప్పు కొట్టుకోమనుండ్రి. ఏలిముద్ర ఏడ ఎయ్యాలె?