క్లిప్పుల కప్పు

వాన వదలని మధ్యాహ్నం. తైహాపె అనే చిన్న ఊళ్ళో రైలు పట్టాల పక్కనున్న చెక్క ఇంటి వంటగదిలో, చంటివాణ్ణి ఒళ్ళో వేసుకుని టెగన్ ఫోనులోకి చూస్తోంది. ఇవాళ ఒక్కరోజుకీ తన భర్తకి నానమ్మ అయిన ఐవీ బట్టలుతికే గదిలోకి వెళ్ళకుండా ఉంటే బావుండునని పొద్దుట్నించీ ఆమెకి ఒకటే గుబులు. ఐవీ నానమ్మ వెళ్ళనే వెళ్ళింది.

“బట్టల క్లిప్పులన్నీ నేల మీద కుప్పగా ఉన్నాయేంటే? కప్పేది?”

“ఏ కప్పు నానమ్మా?”

“ఏ కప్పంటావేంటి? క్లిప్పుల కప్పు. తెల్లది, లావుపాటిది. రైల్వేవాళ్ళది.”

“ఓ, అదా.”

“అదే.”

“ఉంది.”

“ఎక్కడ?”

“నా బీరువాలో. భద్రంగా తువ్వాల్లో చుట్టిపెట్టా.”

“క్లిప్పుల కప్పుకి తువ్వాలెందుకే? ఒసేయ్ టెగన్. ఇటు చూడు. అమ్మకానికి పెట్టావా?”

“మెల్లిగా, వీడు పడుకుంటున్నాడు...”

“వాడు నాకేసి చూసి నవ్వుతున్నాడు. పెట్టావా, లేదా?”

“పెట్టాను. ఫోనులో, వేలానికి. ఒక్క డాలరుకే మొదలెట్టాను నానమ్మా, క్లిప్పులు వేసుకునే కప్పు ఎవరు కొంటారులే అనుకున్నా. వీడి గది గోడ చూశావుగా, చెయ్యి పెడితే తడి. తెల్లార్లూ దగ్గుతున్నాడు. వెచ్చగా లేకపోతే తగ్గదని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. హీటరు కొందామంటే, నీ మనవడు రీసేమో గొర్రెల బొచ్చు తీసే గ్యాంగుతో వెళ్ళి అక్కడ కూర్చున్నాడు. వానకి గొర్రెలు తడిసిపోయాయట, తడిసిన గొర్రెకి బొచ్చు తియ్యరట, తియ్యకపోతే కూలి ఇవ్వరట. అందుకని మూలన పడున్నవి ఒక్కోటీ అమ్ముతున్నా. తలలేని తోటబొమ్మ అమ్మినప్పుడు నువ్వే కదా పడీ పడీ నవ్వావు!”

“తలలేని బొమ్మ వేరు, నా కప్పు వేరు. అయినా ఆ బొమ్మ కొన్నావిడకి పిచ్చి.”

“పిచ్చేం కాదు. ఆవిడ దగ్గర తల ఉందట. మొండెం కోసం ఎప్పట్నించో వెతుకుతోందట.”

“ఆ తుప్పు పట్టిన బిస్కెట్ డబ్బా కొన్నవాడికో?”

“లోపల చచ్చిన సాలీడుందని ముందే రాశాను. సాలీడుతో సహా పంపమన్నాడు.”

“ఈ దేశం ఎటు పోతోందే! సరే, అవన్నీ నాకొద్దు. నా కప్పు వెనక్కి తియ్యి.”

“కుదరదు నానమ్మా. ఎవరైనా ఒక్క పాట పాడారంటే ఇంక వెనక్కి తియ్యకూడదు. తీస్తే నన్ను అందులోంచి గెంటేస్తారు. ఇంకేమీ అమ్ముకోలేను.”

“అంటే పాడారా?”

“పాడారు.”

“ఎంతకి?”

“ముందు కూర్చో.”

“నిలబడే వింటాను.”

“రెండొందల పది డాలర్లు.”

“...కుర్చీ ఇటు జరుపు.”

“నాకూ అలాగే అయింది. అలాంటి కప్పులు మామూలుగా ఇంత పలకవట.”

“ఏం రాశావే దాని గురించి?”

“ఏముంది, తాతయ్య ప్రతి క్రిస్మస్‌కీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి చెప్పేవాడుగా, అదే.”

“చదువు.”

“కోప్పడకూడదు.”

“చదవ్వే.”

“‘మా నానమ్మ కన్నెపిల్లగా ఉన్నప్పుడు రైల్వే టీ గదిలోంచి దొంగిలించిన కప్పు. టీ తాగి, కప్పు కోటు కింద దాచుకుని కదులుతున్న బండెక్కేసింది. టీ గదిలో పనిచేసే కుర్రాడు ప్లాట్‌ఫారం చివరిదాకా వెంట పరిగెత్తాడు. దొరకలేదు. ఇన్నేళ్ళయినా మా నానమ్మకి పశ్చాత్తాపం లేదు.’”

“దేశమంతటికీ నన్ను దొంగని చేశావు!”

“తాతయ్య ఊరంతా చెప్పాడుగా!”

“ఊరు వేరు. ఊళ్ళోవాళ్ళకి వాళ్ళ దొంగతనాలు వాళ్ళకున్నాయి.”

“దేశంలోనూ అంతే నానమ్మా, ఇది చూడు. కొనేవాళ్ళు ఇక్కడ అందరికీ కనబడేలా ప్రశ్నలు అడగొచ్చు. ‘మా ఇంట్లో ఇలాంటివి రెండున్నాయి, మా అమ్మ టోపీలో పెట్టుకొచ్చింది’ అని ఒకావిడ. ‘మా నాన్న పాస్టరు, ఆయన దగ్గర నాలుగున్నాయి’ అని ఇంకొకాయన. ఇదిగో, ‘కుర్రాడికి దొరికుంటే ఏం చేసేవాడు?’ అని ఎవరో.”

“వాడేం చేస్తే వీళ్ళకెందుకు? దానికి జవాబు రాయకు. ఇంకెంతసేపుంది?”

“అరగంట కూడా లేదు.”

“అయితే నేనే పాడి నేనే కొనుక్కుంటా. ఎలాగో చూపించు.”

“సొంత సరుకు మీద ఇంట్లోవాళ్ళు పాడకూడదు.”

“నీ ఫోనుకి అన్నీ రూళ్ళే. సరే, ఎవడూ కొనకుండా చేద్దాం. రాయి. అది బట్టల క్లిప్పులు వేసుకున్న కప్పు. దాన్లో ఎవరూ టీ తాగలేదు.”

“రాశా. ...రెండొందల నలభై.”

“ఎందుకూ?!”

“‘ఈ దొంగ నిజాయితీపరురాలు’ అని ఎవరో మెచ్చుకున్నారు.”

“అయితే ఇది రాయి. మా ఆయన మెర్విన్ దాన్లో పెట్టుడు పళ్ళు నానబెట్టేవాడు.”

“అయ్యో! నిజంగానా? వీడు మొన్న దాని అంచు చప్పరించాడు నానమ్మా! చూస్తుండగానే నోట్లో పెట్టుకున్నాడు! దేనితో కడగాలిప్పుడు? వీణ్ణా, కప్పునా?”

“అబద్ధమేలే, కంగారుపడకు. రాయి.”

“అబద్ధం నేను రాయలేను.”

“దొంగనని రాసినప్పుడు లేదుగానీ...”

“అది నిజమేగా?”

“...రాయవే, టైం పోతోంది.”

“రాశా. వీడి మీద ఒట్టు, ఇంకెప్పుడూ రాయను. ...నానమ్మా, మూడొందలు.”

“పళ్ళకా?!”

“‘తాతగారి పళ్ళు కూడా ఇస్తారా’ అంటున్నారు. జనం చేరిపోయారు, చూడటానికే వచ్చినట్టున్నారు. పాడేది మాత్రం ఇద్దరే. ఒకరి పేరు కప్పులపిచ్చి, ఇంకొకరిది పాతపట్టాలు.”

“ఇవేం పేర్లే?”

“సొంత పేర్లు పెట్టుకోరు. నాది తడిగోడ.”

“సరే, తడిగోడా, ఇది రాయి. కప్పుకి పెచ్చు లేచింది.”

“మళ్ళీ అబద్ధం.”

“ఇది నిజం.”

“ఎక్కడ లేచింది? నాకేం కనబడలేదే.”

“లేచిందన్నానుగా. ఎక్కడో నీకెందుకు?”

“రాశా. ...ఉండు. పాతపట్టాలు అడుగుతున్నాడు. ‘పెచ్చు లేచింది పిడి కిందేనా? బండి కిటికీ అంచుకి తగిలిందేనా?’”

“కెటిల్ పెట్టనా?”

“కెటిల్ ఎందుకు, ఇప్పుడే తాగావు. నేను ఫొటోలో పిడి కింద చూపించలేదు. వీణ్ణి పట్టుకో ఒక్క క్షణం, బీరువాలోంచి తెస్తా.”

“తేవక్కర్లేదులే.”

“తెచ్చా. ...ఉంది! పిడి కిందే ఉంది! రీస్‌కి కూడా తెలీదిది. అతనికెలా తెలుసు?”

“ఆ కప్పులన్నిటికీ అక్కడే లేస్తుంది. నాసిరకం.”

“గోడకేసి కొట్టినా పగలవు అనేదానివి!”

“ఇప్పుడంటున్నాగా, నాసిరకమని.”

“మళ్ళీ అడుగుతున్నాడు. ‘ఆ అమ్మాయి వేసుకున్న కోటు ఆవపిండి రంగుదా?’ కోటు రంగు నేనెక్కడా రాయలేదు నానమ్మా. తాతయ్య ఎప్పుడు చెప్పినా గోధుమరంగనే చెప్పేవాడు.”

“మీ తాతకి రంగులు తెలిస్తే, మన కంచె ఆ రంగులో ఎందుకుంటుంది?”

“అంటే ఆవపిండి రంగేనా?”

“బయట బట్టలు తడుస్తున్నాయేమో చూడు.”

“బట్టలు ఆరెయ్యలేదు, క్లిప్పులు నేలమీదున్నాయి. ఏం రాయమంటావు?”

“...అవునని రాయి.”

“అంతేనా?”

“కింద గుండీ ఒకటి ఊడిపోయి ఉందని కూడా రాయి.”

“రాశా. ...పాతపట్టాలు పాట నాలుగొందలకి పెంచాడు. వెంటనే కప్పులపిచ్చి నాలుగొందల పది.”

“ఆ కప్పులపిచ్చి ఎవడే మధ్యలో? వాడి దగ్గర అల్మరా నిండా ఉంటాయి కప్పులు. వాడికి ఇంకోటెందుకు? ఆపు వాణ్ణి.”

“ఇందాక ఎవరూ కొనకూడదన్నావు!”

“ఇందాక ఇందాకే.”

“నేనాపలేను. ఇంక నిమిషమే... అయిపోవచ్చింది... పాతపట్టాలు నాలుగొందల ఇరవై... అయ్యో, కప్పులపిచ్చి మళ్ళీ పాడాడు. ఆఖర్లో ఎవరైనా పాడితే గడువు ఇంకాస్త పెరుగుతుంది.”

“ఇదెక్కడి ఆటే, నా గుండెకి!”

“నాలుగొందల యాభై, పాతపట్టాలు. ఐదొందలు, కప్పులపిచ్చి.”

“చచ్చాడు.”

“ఎవరు?”

“పాడవయ్యా, పాడు. ఇంత దూరం వచ్చి నిలబడిపోతావేం?”

“ఐదొందల పది! పాతపట్టాలు!”

“శెభాష్!”

“నానమ్మా, హీటరు కొత్తదే వచ్చేస్తుంది. బిగించే కూలితో సహా.”

“పిల్లాణ్ణి నాకిచ్చి, ఏమైందో చూడు.”

“కప్పులపిచ్చి ఏమీ అనట్లేదు... ఏమీ అనట్లేదు... అయిపోయింది. పాతపట్టాలు గెలిచాడు.”

“గెలిచాడా.”

“గెలిచాడు. ...నానమ్మా, ఏడుస్తున్నావా? నీ కప్పు అడగకుండా అమ్మేశాను. తప్పు నాదే. పోనీ ఇవ్వలేమని రాసేయనా? గెంటితే గెంటుతారు. వీణ్ణి నా పక్కలో పడుకోబెట్టుకుంటా.”

“ఛ, ఊరుకో. హీటరు కొను. నా కంట్లో వీడు వేలు పెట్టాడు.”

“పోస్టుకి అడ్రసు అడుగుతా. ...తనే రాశాడు. ‘పోస్టులో పంపొద్దు, పగులుతుంది. శనివారం వాంగనుయ్ నుంచి నేనే వచ్చి తీసుకుంటాను. నా పేరు డెస్మండ్. ఆ రోజు ప్లాట్‌ఫారం చివరిదాకా పరిగెత్తిన కుర్రాణ్ణి నేనే. ఆవిడ ఇంట్లో ఉంటారా?’ ...నానమ్మా! వాడే! టీ గది వాడే!”

“అరవకు.”

“అరవకపోతే ఎలా? ఇన్నేళ్ళ తర్వాత పట్టుకోవడానికి వస్తున్నాడు! నేనే పట్టించాను, కోటు గుండీతో సహా! మనం రాసిందంతా సాక్ష్యం కదా? పోలీసుల్ని తీసుకొస్తే? రీస్ కూడా లేడు. రైల్వే వాళ్ళ సొమ్ము మనం అమ్ముకున్నట్టయిందా? డబ్బు తిరిగిచ్చేద్దాం. శనివారం నువ్వు ఇంట్లో ఉండవని రాసేస్తా.”

“ఉంటానని రాయి.”

“నానమ్మా!”

“రాసి, నా నీలం బ్లౌజు ఇస్త్రీ చెయ్యి. మెడ దగ్గర లేసున్నది. టీలోకి స్కోన్ రొట్టెలు నేను చేసుకుంటాలే, నువ్వు చేస్తే రాళ్ళు.”

“పట్టుకోవడానికి వచ్చేవాడికి స్కోన్లేంటి? ఒక్క మాట చెప్పు నాకు. తాతయ్య చెప్పిన కథ నిజమేనా?”

“నిజమే. మీ తాత వెనకపెట్టెలో కూర్చుని కిటికీలోంచి చూశాడు కూడా. అప్పటికి మాకు పెళ్ళి కుదిరింది. ఆ కుర్రాడు నీ వెంట ఎందుకు పరిగెత్తాడని అడిగాడు. కప్పు దొంగిలించానన్నాను. మీ తాత నవ్విన నవ్వుకి పెట్టెలో అందరూ లేచి చూశారు. బతికినన్నాళ్ళూ నవ్వుతూనే ఉన్నాడు, పాపం, మంచివాడు.”

“మరింకేం, దొంగిలించావు, వాడు పరిగెత్తాడు...”

“పరిగెత్తాడు, టెగన్, నా కిటికీలోకి చెయ్యి అందేదాకా. కాకపోతే పరిగెత్తేటప్పుడు కప్పు వాడి చేతిలో ఉంది.”