ఎనభై ఒక్క జపాలు, ఒక పచ్చి గడ్డ

జపం చేస్తే గడ్డ ఉడుకుతుందా, అన్నయ్యా?

నిన్నే. లాటిన్ చదివినవాడివి, మన ఇంగ్లీషుని కూడా దూడతోలు మీద ఎక్కించినవాడివి, నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పొయ్యి లేదు, కుండ లేదు, చుక్క నీళ్ళు లేవు. ఎదురుగా కూర్చుని చేతులు జోడిస్తే చాలు, గడ్డ దానంతటది మెత్తబడిపోతుందా? చెప్పు. నేల వంక చూస్తావేం? జవాబు అక్కడ రాసి పెట్టుకున్నావా?

లోపలికి ఎలా వచ్చావని అడగబోతున్నావు కదూ? మీ వంటశాలకి బుట్టెడు మలుగు చేపలు తెచ్చాను. మఠంలో ఆడగాలి సోకకూడదన్న నియమం మీ గేటు దగ్గర మనిషికి బుట్ట మూత తీసేదాకానే గుర్తుంది.

కూర్చో. కూర్చోమన్నానా! పెద్దమ్మ సంగతి మాట్లాడ్డానికి వచ్చాను.

నిన్న పొద్దుటినుంచి టెట్టా పెద్దమ్మ మీ చర్చిలోనే ఉంది, తెలుసుగా? ఈ గోడకి అవతలే. ఎండు రొట్టె, ఉప్పు, నీళ్ళు, అంతే. ఎల్లుండి పూజ కాగానే అక్కడే నిప్పులు పేర్చి ఇనుప కడ్డీ ఎర్రగా కాలుస్తారు. డెబ్భై ఏళ్ళ మనిషి దాన్ని ఉత్త చేత్తో పట్టుకుని తొమ్మిది అడుగులు నడవాలి. చేతికి కట్టు కట్టి, మూడో రోజు విప్పి చూస్తారు. పుండు శుభ్రంగా ఉంటే నిర్దోషి. చీము పట్టిందా, మునసబు పెళ్ళాన్ని విషంతో చంపింది ఆవిడే. నువ్వు కంగారు పడకులే. ఆ వేళకి పాటలో నీ వంతు నీకుంటుంది, కళ్ళు మూసుకుని పాడెయ్యొచ్చు.

ఏంటీ? నిర్దోషిని దేవుడే కాపాడతాడా?

ఆ చెయ్యి ఎప్పుడన్నా సరిగ్గా చూశావా? నలభై ఏళ్ళు ఆకులు నూరి, వేడి కుండలు దించి, తోలు నెర్రెలు విచ్చిపోయింది. దేవుడు కాపాడడని నేనన్లేదు. చీము పట్టే పుండ్లు నేను చూసినన్ని నువ్వు చూళ్ళేదు అంటున్నాను.

జరిగింది మొదటినుంచి చెబుతాను. నీకు తెలుసు. తెలిసినా విను. తెలిసిన ముక్కనే రోజుకి ఏడుసార్లు పాడేవాళ్ళు, ఇది ఒక్కసారి వినలేరా?

మూడేళ్ళ కిందట చలికాలంలో మైనపు పలక చంకన పెట్టుకుని గుడిసెకి వచ్చావు. "పెద్దమ్మా, ఇకమీదట పుస్తకాలు మన భాషలో రాయాలంట. వైద్యం పుస్తకం నాకప్పగించారు. నీకొచ్చినవన్నీ చెప్పు" అన్నావు. ఆ ముసలిదాని మొహం చూడాలి! ఓడల మీదొచ్చిన డేన్లు ఊరు తగలబెట్టి అమ్మ పోయిన ఏడు, పెట్టడానికి తిండి లేక ఏడేళ్ళ నిన్ను ఈ మఠానికి ఇచ్చేసిందిగా, ఆ దిగులంతా ఆ పూటతో తీరిపోయింది. నా బిడ్డ నా మాటలు రాసుకుంటున్నాడే అని పొంగిపోయింది. అరవై మూడు మందులు చెప్పింది. ఉన్న ఒక్క కోడినీ కోసి పెట్టింది. నువ్వు తిన్నావు, ఎముకలు కూడా చీకావు.

దగ్గు మందు దగ్గర ఏం చెప్పింది? పొదల కింద మొలుస్తుంది, ఎర్రటి పళ్ళు గుత్తిగా కాస్తుంది, ఆ మొక్క గడ్డ. పచ్చిది నాలిక్కి తగిలితే సూదులు గుచ్చినట్టుంటుంది. మింగితే గొంతు వాచి ఊపిరాడదు. కాబట్టి నీళ్ళు మూడుసార్లు పారబోసి మార్చి మరీ ఉడకబెట్టాలి. ఎంతసేపు? పరలోక జపం తొమ్మిది తొమ్మిదులు, అంటే ఎనభై ఒక్కసార్లు చెప్పుకునేంతసేపు. ఇంతేగా చెప్పింది? అక్షరం పొల్లుపోయిందా?

పెద్దమ్మకి గంటలెక్కడివి అన్నయ్యా? మీకైతే గంట కొట్టేవాడున్నాడు, గీతలు గీసిన కొవ్వొత్తులున్నాయి. ఆవిడకి జపమే లెక్క. గులకరాయి ఒక్కోటీ పక్కకి తోస్తూ కుండ ముందు కూర్చుంటుంది. మధ్యలో మేక వచ్చి బుట్టలో మూతి పెట్టిందా, "ఛీ, నీ మూతి మండ!" అని దాన్ని తిట్టి, లెక్క తప్పిందని రాళ్ళన్నీ వెనక్కి లాగి మళ్ళీ మొదలెడుతుంది. ఎక్కువ ఉడికితే ఇంకా మంచిదేగా! దేవుణ్ణి కుండ కాపలాకి కూర్చోబెట్టుకున్న మనిషి ఆవిడ. మీరు ఆయనకి ఆ పని కూడా ఇవ్వలేదు.

ఇక్కడికొచ్చి పలక మీదిదంతా చదివితే మీ మఠం పెద్దాయన ముక్కు చిట్లించాడట. "ఏమిటయ్యా ఈ కుండలూ మూతలూ నురగలూ? బిషప్ గారి చేతిలో పడబోయే పుస్తకం ఇది! రెండు పుటలకో దూడని కోస్తున్నాం. వంటింటి మాటలకి చోటెక్కడుంది? జపం ఉంచు, తక్కినవి కొట్టెయ్." నువ్వే చెప్పావు నాకు, ఆయన గొంతు అనుకరిస్తూ, నవ్వుతూ. నవ్వి, కొట్టేశావు! "గడ్డను త్రవ్వి, నూరి, తేనెలో కలిపి, దానిపై పరలోక జపము ఎనభై ఒక్కమారు పాడి ఇవ్వవలెను." ఆహా, ఎంత అందం! మొదటి అక్షరానికి ఎర్రరంగు కూడా పూశావు.

వంటింటి మాటలట! మీ పుస్తకాల పెట్టెలో రొమ్ముల మీద కళ్ళున్న మనుషుల గురించి పుటలకి పుటలున్నాయి. తూర్పున ఎక్కడో కుక్కలంతేసి చీమలుంటాయట, వాటికి చోటుంది. ఎప్పుడో చచ్చిన వీరుడి కత్తికి ముప్ఫై బిరుదులు, దానికీ చోటుంది. ఆ కత్తి ఇప్పుడు దొరికితే ఉల్లికాడ కూడా తెగదు! పాలుతాగే దూడల్ని కోసి మరీ చీమల సంగతి రాశారు. "మూడు నీళ్ళలో ఉడకబెట్టు" అన్న మూడు ముక్కల దగ్గరికొచ్చేసరికి మాత్రం మీకు దూడలు చాలలేదు.

పెద్దమ్మ పేరు పెడతానన్నావు. అదీ పోయింది. బురదనేలలో బతికే ముసలిదాని మందంటే బిషప్ గారు మింగుతారా అన్నాడట పెద్దాయన. సరే, మూడేళ్ళపాటు అది మీ మఠం జ్ఞానం. బిషప్ గారొచ్చి పుస్తకం మీద చెయ్యి పెట్టి దీవించి, విందు తిని వెళ్ళారు. ఆ విందుకి మలుగు చేపలు పట్టింది కూడా మేమే.

పోయిన నెలలో మునసబు ఓస్‌లాక్ గారి భార్య మిల్డ్‌గిత్‌కి దగ్గొచ్చింది. మా గుడిసె వాళ్ళింటికి రెండు పొలాల అవతల. వచ్చారా? ఎందుకొస్తారు, పుస్తకం ఉండగా! వాళ్ళింట్లో పూజలు చేసే గురువు మీ దగ్గర్నుంచి పుస్తకం తెప్పించుకుని, గడ్డ తవ్వించి, పచ్చిది నూరించాడు. ఎనభై ఒక్క జపాలంటే నోరు నొప్పెడుతుందని ఇంకో ఇద్దరు గురువుల్ని పిలిచి తలా ఇరవై ఏడూ పంచుకున్నారట! ముగ్గురూ ఒకేసారి గడగడా వల్లించి మూడోవంతు సేపట్లో ముగించారు. నవ్వొస్తోందా? నాకూ వచ్చింది, ఆవిడ గొంతు చూసేదాకా.

నన్ను పిలిచేసరికి చెయ్యిదాటిపోయింది. నాలుక నోట్లో పట్టట్లేదు. మాట లేదు. నా మణికట్టు పట్టుకుని వదల్లేదు, అయిపోయాక కూడా వేళ్ళు ఒక్కోటీ విప్పాల్సొచ్చింది. ఇదిగో, గోళ్ళ గుర్తులు. చూడు. మొహం తిప్పుకుంటావేం, అక్షరాలు తప్ప ఇంకేవీ చదవవా?

పంచాయితీలో ఆ గురువు ఏమన్నాడు? "రాసినట్టే చేశాను." నిజమే, పాపం. మీ పెద్దాయన ఏమన్నాడు? "దీవెన పొందిన పుస్తకంలో తప్పుండదు. అమాయకుడైన మా సోదరుడికి ఈ విషాన్ని మందని చెప్పింది ఫలానా టెట్టా." చూశావా! దగ్గు తగ్గితే పుస్తకం ఆయనది, ప్రాణం పోతే పెద్దమ్మది. మూడేళ్ళు పుటలో ఇమడని పేరు, పంచాయితీలో ఠక్కున నోటికొచ్చింది.

ఆవిడ తరఫున ప్రమాణం చెయ్యడానికి మా పేటలో పన్నెండుమంది లేచారు. చేపలు పట్టేవాళ్ళు, పాలు పితికేవాళ్ళు. "టెట్టా చేతి మందు తాగి బతికినోళ్ళం, ఆవిడ విషం పెడితే మేమెప్పుడో పోవాల" అని గోద్రిక్ ముసలాయన అరిచాడు కూడా. అవతల ఇద్దరు గురువులు చెయ్యెత్తారు. గురువు మాట ఒక్కటి మాలాంటివాళ్ళ ఆరుగురి మాటకి సమానమట. పన్నెండుకి పన్నెండు. తేలలేదు కాబట్టి ఇక ఇనుమే తేల్చాలన్నారు.

ఇంకొక్క గురువు, ఒకే ఒక్కడు, ఇటువైపు నిలబడితే తేలిపోయేది. ఆ ఒక్కడూ ఎక్కడున్నాడు? కిన్‌హెల్మ్ గురువుగారు, తమరే, పోయిన ఈస్టరుకే అభిషేకం పొందినవారు, ఆ పొద్దున్న తోటలో తేనెపట్లు చూసుకుంటున్నారట!

అనుమతి లేదంటావా? మౌన నియమమా? మీ నియమం భలే గొప్పది అన్నయ్యా. భోజనాల దగ్గర పొడుపుకథలు విప్పేటప్పుడు గుర్తురాదు. నిజం చెప్పాల్సొచ్చినప్పుడే పరిగెత్తుకొస్తుంది.

నిన్న రొట్టె ఇచ్చే వంకతో పెద్దమ్మని చూశాను. నీ గురించి నేను నోరు పారేసుకుంటుంటే ఏమందో తెలుసా? "వుల్ఫ్‌రున్, వాణ్ణి ఏమీ అనకే. వాడు ఒప్పుకుంటే వాడి చెయ్యి కాలుస్తారు. అది రాసే చెయ్యి. నాదేముంది, ఎలాగూ వంకరపోయింది" అంది. అని నవ్వింది కూడా. ఆ నవ్వు నీకు మింగుడుపడుతుందా? ఉడకని గడ్డకంటే అదే నయంగా దిగుతుందా?

ఏంటి? గట్టిగా చెప్పు, వినపడట్లేదు.

ఓహో. "పుట పూర్తయ్యాక పెద్దమ్మకి చదివి వినిపించాను కదా, సరేనంది కదా" అంటావు. అక్కడికొస్తావని నాకు తెలుసు. అందుకే ఇంతసేపూ నేనే మాట్లాడుతున్నాను, నిన్ను మాట్లాడనివ్వకుండా.

వినిపించావు. గుమ్మంలో నిలబడి చదివావు. ఆవిడకి అప్పటికే ఒక చెవి పోయింది, రెండోది సగం. నీ మొహం చూసి తలూపింది గానీ మందు విని కాదు.

నా చెవులు మాత్రం బాగానే ఉన్నాయి.

విన్నాను. నీ వాక్యం పూర్తికాకముందే తెలిసింది, ఉడకబెట్టే మాట లేదని. ఊరుకున్నాను. ఈ సంగతి పెద్దమ్మకి కూడా చెప్పలేదు. పద్నాలుగేళ్ళు ఆవిడ వెనకాల బుట్ట మోసి నేర్చుకున్నాను, అన్నయ్యా. అరవై మూడు మందులూ పుస్తకంలోకెక్కితే రేపు మా గుమ్మం ఎవరు తొక్కుతారు? పడనీ, పుస్తకం పట్టుకుని తిప్పలు పడనీ అనుకున్నాను. ఒకళ్ళకి నాలుక మండితే, ఇంకొకళ్ళకి మూతి వాస్తే, అది మూసేసి మా దగ్గరికే వస్తారులే అనుకున్నాను. గొంతు దాకా పోతుందని ఆలోచించలేదు.

కాదు. ఆలోచించాను. ఆలోచించి పక్కన పెట్టాను.

నువ్వు పెద్దాయనకి భయపడి ఆ మాట కొట్టేశావు. కొట్టేసిన చోటు కనబడినా నేను నోరు మూసుకున్నాను. నా మీద ఇన్ని మాటలు పడెయ్యడానికి నీకేం హక్కుందే అని అడగొచ్చు నన్ను. అడగవు. అదీ చేతకాదు నీకు. పోనీ, నాకు చేతనైందేమిటి? ఇన్నాళ్ళూ నీ చేతకానితనం వెనకాల దాక్కున్నాను.

మునసబు ఈ వేళకి భార్య సమాధి దగ్గర్నుంచి తిరిగొస్తూ ఉంటాడు. ఆ పుట తీసుకుని నాతో రా. "ఆవిడ ఉడకబెట్టమంది, నేను తీసేశాను" అని ఒక్క మాట అను. "నేను విన్నాను, చెప్పలేదు" అని నేనంటాను. ఆ తర్వాత ఆ కడ్డీ పట్టుకోవాల్సింది మనిద్దర్లో ఎవరైతే వాళ్ళం పట్టుకుందాం. పెద్దాయనకి చెప్పి రావాలా? వచ్చాక చెబుదువుగాని, ఆయనెక్కడికీ పోడు.

లే అన్నయ్యా. చెప్పులు తొడుక్కో. ముందు నువ్వు నడు.